మోడు చుట్టూ ముళ్లకంప

1955 జూలై, ఉదయగిరి. అక్కడున్నవాళ్లు: చెక్క గరిటెలు చేసే మస్తాన్ సాయిబు, మేకల కాపరి పోలయ్య, ఆత్మకూరు బస్సు తప్పిపోయిన నేను.

బోడి కొండ వాలులో ఆ ఒక్క చోటే పచ్చగా ఉంది. సాయిబు గరిటెల కోసం చెట్లను మోకాలెత్తున నరికి, ఆ మోళ్ల చుట్టూ ముళ్లకంప పేర్చి, కొత్త కొమ్మలు మణికట్టంత లావయ్యేదాకా మళ్లీ గొడ్డలి పెట్టడట. మూడేళ్లుగా అలా కాపాడుకున్న చోటికి పోలయ్య మందను తోలుకొచ్చాడు. వానలు లేక మేకల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"నువ్వు నరికితే తప్పు లేదు, నా మేక కొరికితే తప్పా సాయిబూ?"

"నేను నరికినా మోడు చిగురిస్తాది. ఆ చిగురు నీ మేక కొరికితే మోడే చచ్చిపోతాది. ఆనక నాకు చెక్కా లేదు, నీకు మేతా లేదు. ఉండరా."

సాయిబు కంప తీసి లోపలికి వెళ్లి, ఒక్కో మోడుకు తిన్నని కొమ్మలు రెండు ఉంచి, వంకరవన్నీ కొడవలితో కోసి మేకల ముందు వేశాడు. చెట్లు నరికి బతికే మనిషి అంత ఓపికగా చెట్లను పెంచడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు పొద్దున బస్సు వేళకు ముందు మళ్లీ అటు వెళ్లాను. పోలయ్య కర్ర అడ్డం పెట్టి వేరే ఊరి మందను ఆపుతున్నాడు.

"ఏందిరా అట్టా తోలుకొస్తావు? వంకరవి మేమే కోసిస్తాం. కంప మాత్రం దాటనీయం."