రికార్డు గదికి మూడు రోజులు

సాఫ్ట్‌వేర్ మొదటిసారి ఎక్కనప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో ఏదీ మొదటిసారికే ఎక్కేది కాదు. రెండోసారి సీడీ బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టాను. మూడోసారీ ఎక్కకపోయేసరికి బయటికి వెళ్లి, ఆసుపత్రి గేటు పక్కన నిలబడి టీ తాగి వచ్చాను. నాలుగోసారి స్క్రీను మీద నీలం గీత దాదాపు చివరిదాకా వెళ్లి, కాసేపు ఆగి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టినప్పుడు నడుంలో నొప్పి తెలిసింది. అంతసేపూ మందుల అట్టపెట్టె మీద కూర్చున్నానని కూడా అప్పుడే గమనించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కంప్యూటర్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజినీరుగా పనిచేసేవాడిని. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి ఈ నగరంలోనే స్థిరపడ్డారు. జల్‌పల్లిలో చిన్న ప్లాటులో ఇల్లు. అక్కడి నుంచి పొద్దున్నే స్కూటరు మీద బయలుదేరి, పాతబస్తీలో ఎవరి కంప్యూటరు మొరాయిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లేవాడిని. యాకుత్‌పురాలో ఒక ట్రస్టు నడిపే ప్రసూతి ఆసుపత్రి మా ఖాతాదారు. అక్కడ ఇరవై దాకా కంప్యూటర్లు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక విండోస్ సర్వరు ఉండేవి. ఎవరు లోపలికి రావచ్చు, వచ్చినవాళ్లు ఏం చేయవచ్చు అన్నది ఆ సర్వరే నిర్ణయిస్తుంది. ఆ ఏర్పాటును డొమైన్ అంటారు. ఆసుపత్రి మెయిళ్లు కూడా దానిలోంచే వచ్చేవి, పోయేవి. ల్యాబు రిపోర్టులు బయటి డాక్టర్లకు మెయిల్లో పంపడం అప్పుడప్పుడే అలవాటవుతోంది.

నేను ఎక్కించాల్సింది ఆ మెయిళ్లను గాలించే సాఫ్ట్‌వేర్. లోపలికొచ్చే ప్రతి మెయిలునూ విప్పి చూసి, వైరస్ ఉంటే అక్కడే ఆపేస్తుంది. అది ఎందుకు అవసరమైందో చెప్పాలంటే అంతకు ముందు ఏడాది సంగతి చెప్పాలి. నాకు చెప్పబుద్ధి కాని సంగతి అదే.

ముందు ఏడాది ఒక వైరస్ మెయిలుగా వచ్చింది. ఎవరో అందులోని ఫైలు తెరిచారు. అరగంటలో ఆసుపత్రి పేరు మీద చెత్త ఉత్తరాలు డాక్టర్లకూ, ట్రస్టు సభ్యులకూ, విరాళాలిచ్చే వాళ్లకూ వందలకొద్దీ వెళ్లిపోయాయి. రెండు రోజులు కంప్యూటర్లు మూసేశారు. శుభ్రం చేయడానికి వెళ్లింది నేనే. ఏ కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచారో కూడా నేనే కనిపెట్టాను. అది సూపరింటెండెంటు మేడమ్ గదిలోని కంప్యూటరు. ఆవిడ కావాలని చేసింది కాదు, తెలిసినవాళ్ల పేరుతో వచ్చిన మెయిలు కాబట్టి తెరిచారు. ఎవరైనా తెరిచేవారే.

అప్పట్లో ఆ సర్వరు చూసుకునే ఆయన ఒకరుండేవారు. గౌలిపురలో పాలవాళ్ల ఇంటి మనిషి. చిన్నప్పుడు తండ్రితో కలిసి ఆసుపత్రి క్యాంటీనుకు పాలు పోసేవారట. అలా వస్తూ పోతూ అటెండరుగా చేరి, టైపు నేర్చుకుని, తర్వాత కంప్యూటరు నేర్చుకున్నారు. ఇంగ్లిష్ పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆసుపత్రిలో అందరూ అన్నా అనేవారు, నేనూ అన్నా అనే పిలిచేవాడిని. మెయిళ్లకు కాపలా కావాలని ఆయన మా కంపెనీకి మూడుసార్లు ఉత్తరం రాశారు. మూడూ మా మేనేజరు బల్ల మీదే ఉండిపోయాయి.

వైరస్ వచ్చాక ట్రస్టు వాళ్లు కారణం రాసిమ్మన్నారు. మా మేనేజరు తనే టైపు చేయించి నా ముందు పెట్టాడు. సర్వరు చూసుకునేవారి అజాగ్రత్త వల్ల జరిగింది అని అందులో ఉంది. ఇది నిజం కాదు సార్ అన్నాను. అది తెలుసనీ, ఉత్తరాల సంగతి బయటపడితే కాంట్రాక్టు పోతుందనీ, నా ఉద్యోగం కూడా ఆ కాంట్రాక్టులోదేననీ ఆయన మెల్లగానే చెప్పాడు. సంతకం పెట్టాను. నెల తిరక్కుండా అన్నను సర్వరు గది నుంచి తీసి, కిందనున్న రికార్డు గదికి పంపేశారు. పాత కేసు కాగితాలు కట్టలు కట్టి, అరల్లో సర్దడం ఆయన పని.

ఇప్పుడు అదే సాఫ్ట్‌వేర్ పట్టుకుని వచ్చాను. అది ఎక్కడం లేదు.

మొదటి రోజు సాయంత్రం దాకా తప్పు సీడీదే అనుకున్నాను. రెండో రోజు ఆఫీసుకు వెళ్లి ఇంకో సీడీ తెచ్చాను. డిస్కులో చోటు ఖాళీ చేశాను. పాత యాంటీవైరస్ ముక్కలు ఎక్కడెక్కడో మిగిలి ఉంటే వెతికి తీసేశాను. ప్రతి మార్పుకీ సర్వరును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపితే కింద ఓపీ కౌంటరు ఆగిపోతుంది. చీటీలు చేత్తో రాయాలి. బిడ్డలను చంకనేసుకున్న ఆడవాళ్ల వరుస గేటుదాకా పెరిగిపోతుంది. కౌంటరులో కూర్చునే ఆయన రెండుసార్లు ఓపిక పట్టి, మూడోసారి స్వయంగా పైకొచ్చి, భాయ్, ఇంకెన్నిసార్లు బంద్ చేస్తవ్ అని అడిగారు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. అలసిపోయి అడిగారు. ఆ తర్వాత ఓపీ ముగిశాకే సర్వరును ముట్టుకున్నాను.

మూడో రోజు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకున్న చిట్టా మొత్తం ప్రింటు తీసి, నేల మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. పదకొండో కాగితంలో దొరికింది. ఈ సాఫ్ట్‌వేర్ తన పని తను చేసుకోవడానికి సర్వరులో ఒక కొత్త ఖాతా తెరుచుకుంటుంది. మనిషి లాగిన్ కాకపోయినా ఆ ఖాతా వెనక పనిచేస్తూ ఉండాలి. దానికి అనుమతి కావాలి. ఆ అనుమతి లేదని సర్వరు తోసిపుచ్చుతోంది, సాఫ్ట్‌వేర్ ఉన్నదంతా చుట్టబెట్టుకుని వెనక్కి పోతోంది.

అంతేనా అనుకుని ఆ అనుమతి నేనే ఇచ్చాను. మళ్లీ మొదలుపెట్టేలోపు చూస్తే, లేదు. మళ్లీ ఇచ్చాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలకు అది మాయమైంది. నేను రాసింది రాసినట్టే ఎవరో వెనకాలే వచ్చి చెరిపేస్తున్నారు. ఎక్కడో పైన ఒక నియమం ఉంది, డొమైన్‌కంతటికీ వర్తించేది. అది ఐదు నిమిషాలకోసారి అన్నిటినీ తన ప్రకారం దిద్దుకుంటోంది. వెతికితే ఆ నియమం కనిపించింది. మార్చబోతే నాకు అధికారం లేదంది. దాన్ని మార్చే హక్కు ఒకే ఒక్క ఖాతాకు ఉంది. ఆ ఖాతా తెరిచింది అన్న.

ఈరోజు అయితే దాన్ని దాటే దారి నాకు తెలుసు. అప్పుడు తెలియదు. కానీ తెలియకపోవడం ఒక్కటే కాదు. ఇది అన్న పెట్టినదే అయి ఉంటుందని నాకు రెండో రోజు మధ్యాహ్నమే అనుమానం వచ్చింది. మెట్లు దిగితే రికార్డు గది. దిగలేక సీడీలు మార్చాను, డిస్కులు ఖాళీ చేశాను, అంతమంది ఆడవాళ్లను ఎండలో నిలబెట్టాను. ఆయన ముఖం చూడాల్సి వస్తుందని.

మూడో రోజు మధ్యాహ్నం దిగాను.

అన్న బల్ల మీద కాగితాలు పరుచుకుని, ఒక్కో కట్టకీ నాడా బిగిస్తున్నారు. నన్ను చూసి లేచి, కుర్చీ మీది కట్టలు తీసి కింద పెట్టారు. టీ తెప్పిస్తానంటే వద్దన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ముడి వేస్తూనే విన్నారు.

"ఐదు నిమిషాలకు పోతదా?"

"పోతోంది అన్నా."

"గా రూలు నేను పెట్టిందే. ఎవలు వడితే వాళ్లు వచ్చి ఏది వడితే అది ఎక్కిస్తుండిరి. మేడమ్ చుట్టపోళ్ల పిలగాడు ఆటలు గూడ ఎక్కించిండు. అందుకని మొత్తం బంద్ వెట్టిన. వైరస్ రాకముందే వెట్టిన." కట్ట పక్కన పెట్టారు. "నన్ను తీసేసేటప్పుడు చార్జి తీసుకున్నరు గద నా దగ్గర. అప్పుడు అడిగితే చెప్తుంటి. ఎవలూ అడగలే."

పైన ఏదో మంచం ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగానే అనేశాను.

"పోయినేడు రిపోర్టు మీద సంతకం నాదే అన్నా."

"ఎర్కనే తమ్మీ. సూసిన. నాకు గూడ ఒక కాపీ ఇచ్చిండ్రు." నాడా చివర్లు సమంగా కత్తిరించారు. "కోపం మస్తు వచ్చింది అప్పుడు. రాకుంటెట్లుంటది. మా ఇంట్ల ఎనిమిది రోజులు చెప్పలే, ఈ గదికి పంపిండ్రని. రోజూ గదే టైముకు ఇస్త్రీ అంగి ఏసుకోని వచ్చిన."

నేను తల వంచుకున్నాను. పాస్‌వర్డు ఇంకా అడగనే లేదు. ఆయనే అన్నారు.

"పాస్‌వర్డు చెప్పను. చెప్తే రేపు ఏదన్న అయితే మళ్ల నా మీదికే వస్తది. నేనే వచ్చి కొడ్త. గని మేడమ్ పిలిస్తేనే వస్త. నన్ను ఆ గదిలకు పోవద్దని రాసిచ్చిండ్రు, నా అంతట నేను పోను."

ఆయన అడిగింది న్యాయమే. మళ్లీ మెట్లెక్కి సూపరింటెండెంటు మేడమ్ గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ ఆపరేషను ముగించుకుని వచ్చేసరికి మూడు దాటింది. ముఖం మీద ఇంకా మాస్కు తాళ్ల అచ్చు ఉంది. పని కావాలంటే అన్న రావాలని చెప్పాను. ఆవిడ వెంటనే కాదన్నారు. నిర్లక్ష్యం వల్ల తప్పించిన మనిషిని మళ్లీ సర్వరు దగ్గర కూర్చోబెడితే ట్రస్టుకు ఏం జవాబు చెప్పాలని అడిగారు.

అక్కడ ఇంకేదో చెప్పి గట్టెక్కేవాడినేమో. అంత శక్తి కూడా లేకపోయింది. మూడు రోజుల అలసటే నా చేత నిజం చెప్పించిందని ఇప్పటికీ అనుకుంటాను, ధైర్యం కాదు.

"ఆయన తప్పేమీ లేదు మేడమ్. నేను సంతకం పెట్టిన రిపోర్టు తప్పు. కాపలా పెట్టమని ఆయన మాకు మూడు ఉత్తరాలు రాశారు. మేమే తేలేదు."

"మరి ఆ ఫైలు ఎవరు తెరిచారు?"

నేను ఆవిడ బల్ల మీది కంప్యూటరు వైపు చూశాను. ఆవిడ కూడా అటు చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు నులుముకున్నారు.

"ఆ రోజే నాకు చెప్పి ఉండాల్సింది," అన్నారు. తర్వాత బెల్లు కొట్టి అటెండరును పిలిచి, కింద రికార్డు గదిలో ఉన్నాయన్ను రమ్మన్నానని చెప్పమన్నారు.

అన్న చేతులు కడుక్కుని, రుమాలుతో తుడుచుకుంటూ సర్వరు గదికి వచ్చారు. ఏడాది తర్వాత ఆ గదిలోకి రావడం. గుమ్మంలో చెప్పులు విడిచారు. అట్టపెట్టె మీద నన్ను కూర్చోనిచ్చి, తను నిలబడే కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. రెండు వేళ్లతో, తొందర లేకుండా కొట్టారు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన నియమం మొత్తం తీసేయలేదు. అనుమతి ఉన్న ఖాతాల పట్టికలో ఈ కొత్త ఖాతా ఒక్కటే చేర్చి మూసేశారు. ఐదు నిమిషాలు ఆగి చూద్దామన్నారు. ఆగాం. పదీ ఆగాం. అనుమతి చెరగలేదు.

మళ్లీ మొదలుపెట్టాను. నీలం గీత చివరిదాకా వెళ్లింది. ఆగింది. ఇన్‌స్టలేషన్ పూర్తయింది అని చిన్న పెట్టె ఒకటి వచ్చింది. అన్న తనకు తనే ఒక మెయిలు పంపి చూసుకున్నారు. అది వచ్చింది.

"అయిపోయె. ఇగ ఫికర్ లేదు," అని చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయారు. ఇంకా సగం కట్టలు మిగిలే ఉన్నాయి.

సంతోషం రాలేదు. సామాను సర్దుకుని స్కూటరు దగ్గరికి వచ్చి, కిక్కు కొట్టడానికి కూడా ఓపిక లేక కాసేపు సీటు మీద చేతులు పెట్టి నిలబడ్డాను.

మర్నాడు సెలవు చీటీ రాసిచ్చి, ఇంట్లో కూర్చుని ఆసుపత్రికి ఒక ఉత్తరం రాశాను. పాత రిపోర్టులో ఏది తప్పో, ఎందుకు తప్పో అందులో రాసి, కింద సంతకం పెట్టాను. ఈసారి టైపు కాదు, చేతిరాత. ఒక ప్రతి అన్నకు ఇస్తే, నిలబడే మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మా మేనేజరుకు నాలుగు రోజుల్లో తెలిసింది. అరవలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. తర్వాత నెల నన్ను పాతబస్తీ పనుల నుంచి తీసేసి నగరం అవతలి కొసకు వేశాడు. రోజూ రానూపోనూ మూడు గంటల ప్రయాణం. ఏడాదిన్నర అలా తిరిగి, వేరే ఉద్యోగం చూసుకున్నాను.

ట్రస్టు అన్నకు పాత సీటు తిరిగి ఇవ్వలేదు. అప్పటికే ఆ కుర్చీలోకి డిగ్రీ చదివిన ఒకమ్మాయిని తీసుకోవడానికి మాట ఇచ్చేశారట. కానీ సర్వరు గదిలోకి వెళ్లకూడదన్న కాగితం మాత్రం వెనక్కి తీసుకున్నారు. ఆ అమ్మాయికి ఏదైనా అర్థం కాకపోతే కిందికి దిగి ఆయన్నే అడిగేదని తర్వాత తెలిసింది. ఆయన రికార్డు గదిలోనే రిటైరయ్యారు. ఆ రోజు నాకు ఫోను చేసి, వీడ్కోలుకు వీలైతే రమ్మన్నారు. నగరం అవతల ఇంకెవరిదో సర్వరు ఆగిపోయి ఉంది. వెళ్లలేకపోయాను.