దోనె ఎవరి వాటా?

వీలునామా రాయడానికి నాకు ఏడాదిపాటు వీలు చిక్కలేదంటే నమ్మకండి. చిక్కనిది ధైర్యం. ఆ మాట ఎత్తగానే పిల్లలిద్దరూ కొట్టుకుంటారని హడలిపోయాను. మా నాన్న ఏ సంగతీ చెప్పకుండా పోతే, ఒక్క పొలంగట్టు కోసం మా అన్నయ్యా నేనూ పలకరించుకోవడమే మానేశాం మరి.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేసిన ఏడు, నా చెరువూ ఒక్కపూటలో కొల్లేట్లో కలిసిపోయింది. గట్టిగా మిగిలినదేదో ఎవరికెంతో చెప్పేద్దామనుకున్నాను. అది మొదలు కాలు నిలవలేదు. తాడేపల్లిగూడెంలో బస్సెక్కి ఏలూరు వెళ్లడం, వకీలుగారి గుమ్మందాకా నడిచి, పక్క హోటల్లో కాఫీ తాగి వచ్చేయడం. ఆస్తంతా కాఫీలకే సరిపోతుందని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

చివరికి ఒక ఆదివారం జంగారెడ్డిగూడెం నుంచి అమ్మాయి, ఏలూరు నుంచి అబ్బాయి వచ్చారు. చేపల పులుసు వడ్డిస్తుండగా, బట్టీపట్టిన ఉపోద్ఘాతం మొదలుపెట్టాను. రెండో వాక్యానికే మా ఆవిడ అడ్డొచ్చింది.

"ఏవండీ, ముందు ముళ్లు చూసుకుని తినండి. ఆనక పోదురుగాని."

పిల్లలు కొట్టుకోలేదు. పొలం అమ్మాయికి, ఇల్లు అబ్బాయికి, అమ్మ ఉన్నన్నాళ్లూ రెండూ అమ్మవే అని మజ్జిగ రాకముందే తేల్చేశారు. సంతోషించాల్సింది పోయి, నాకు కొత్త బెంగ పట్టుకుంది. ఇంత సులువుగా తెగిపోతే, రేపు వీళ్లు ఒకరింటికొకరు ఏ పనిమీద వెళ్తారు?

"మరి దోనె?" అన్నాను.

కొల్లేటికోట నీళ్లమీద మా నాన్న జీవితమంతా తిరిగిన, తాటిమాను తొలిచి చేసిన దోనె. మా పెరట్లో బోర్లా పడుకుని ఉంటుంది. ఏటా దానికి నూనె రాస్తాను.

"మా ఊళ్లో తాగడానికే నీళ్లు చాలవండీ. తమ్ముడికిచ్చేయండి," అంది అమ్మాయి.

"నాకొద్దండీ బాబూ. అక్కకైతే పొయ్యిలోకి పనికొస్తుంది," అన్నాడు వాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. దోనె పక్కన నేనూ బోర్లా పడ్డట్టయింది.

మర్నాడే ఏలూరు వెళ్లి, ఈసారి కాఫీ జోలికి పోకుండా, రాయించేశాను. మళ్లీ వాళ్లు భోజనానికి వచ్చినప్పుడు చదివి వినిపించాను. పొలం, ఇల్లు వాళ్లన్నట్టే. దోనె మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ఇద్దరూ దాని పక్కన కూర్చుని ఒప్పుకుంటే తప్ప కదపకూడదు.

అబ్బాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అంటే, పొయ్యిలో పెట్టాలన్నా అక్క ఇక్కడికి రావాలా నాన్నగారూ?"

"ఒక్క పేడు చీల్చాలన్నా రావాలి. ఫోన్లో కుదరదు," అని ఇంకో చేపముక్క వేసుకున్నాను.