రేకు బోటా, ఫైబర్ బోటా

ఆ ఫిబ్రవరి నెలంతా కృష్ణవేణికి రెండు బోట్ల గొడవే. ఒకటి పవన్ అమ్మాలనుకుంటున్న ఫైబర్‌గ్లాస్ బోటు. ఇరవై అడుగుల పొడవు, రెండువందల యాభై హార్స్‌పవర్ ఇంజను, ఎర్రగా తళతళలాడే రంగు. రెండోది రిటైరైన డాక్టర్ చక్రపాణిగారి అల్యూమినియం బోటు. పద్దెనిమిది అడుగులే, ఇంజను అందులో సగం కూడా లేదు, పక్కల నిండా సొట్టలు.

కృష్ణవేణికి నలభై తొమ్మిదేళ్ళు. అల్ఫారెట్టాలో ఇల్లు, ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్‌లో ఉద్యోగం. కోవిడ్ రోజుల్లో డ్యూటీ దిగాక నేరుగా ఇంటికి పోవడానికి మనసొప్పక, లేక్ లేనియర్ అనే పెద్ద సరస్సు ఒడ్డున కారాపుకుని కూర్చునేది. పక్కన చేపలు పడుతున్న ఒక తెల్ల ముసలాయన ఒకరోజు తన గాలం చేతికిచ్చి వేసి చూడమన్నాడు. పావుగంటలో బాస్ చేప ఒకటి గుంజింది. ఆ గుంజు మోచేతి దాకా పాకింది. వారం తిరక్కుండానే సొంత గాలం కొనుక్కుంది. మరుసటి ఏడాది ఐదేళ్ళ పిల్లల మధ్య నిలబడి ఈత కూడా నేర్చుకుంది. అయినా నీళ్ళు మెడ దాటితే గుండె జారిపోయేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత చేపలు పట్టే క్లబ్ టోర్నమెంట్లలో చేరింది. అక్కడ ఒక్కో బోటులో ఇద్దరు: బోటున్నవాళ్ళు ముందు నిలబడతారు, లేనివాళ్ళు వెనక. ముందువాడు మంచి చోటంతా జల్లెడ పట్టేశాక మిగిలిన నీళ్ళలో వెనకవాళ్ళు గాలం వేసుకోవాలి. మూడేళ్ళు అలా వెనకే నిలబడి, రెండేళ్ళు వరసగా వెనకవాళ్ళందరిలో మొదటి స్థానం తెచ్చుకుంది. ఇక ముందుకి వెళ్ళాలనిపించింది.

"కొనుక్కో వేణీ. కానీ ఏది మునగదో అది కొను," అన్నాడు భర్త మూర్తి.

"రెండూ పూర్తిగా మునగవండీ. లోపల ఫోమ్ ఉంటుంది."

"మరి ఇంతలా ఆలోచిస్తావెందుకు?"

ఆమె స్టవ్ మీద పప్పు కలిపింది.

పవన్ అదే క్లబ్‌లో ఉండే కుర్రాడు. నమ్మకంగా మాట్లాడతాడు. "అక్కా, లేనియర్‌లో ఆ పెద్ద పెద్ద పడవలు లేపే అలలకి రేకు బోటు డబ్బాలా మోగుతుంది. నడుం విరిగిపోద్ది. ఫైబర్ బరువు కదా, అలని కోసుకుంటూ పోతుంది. పైగా ముందు చేరినోడిదే చోటు. మార్చి టోర్నమెంట్‌కి నాతో రా, నీకే తెలుస్తుంది."

వెళ్ళింది.

ఆ శనివారం పొద్దున పొగమంచు దట్టంగా పట్టేసింది. ఇరవై ఆరు బోట్లు గంటసేపు, నీళ్ళలోకి దించే ర్యాంప్ దగ్గరే ఆగిపోయాయి. తొమ్మిదింటికి కాస్త తెరిపిచ్చాక వదిలారు. పవన్ వేగం పెంచగానే బోటు ముక్కు పైకి లేచి, మళ్ళీ వాలి, నీటి మీద జారిపోసాగింది. మీటరు మీద అరవై, అరవై ఐదు మైళ్ళు. నిజమే, కింద అలలున్నట్టే లేదు. కళ్ళజోడు సందుల్లోంచి గాలి కోస్తోంది. కృష్ణవేణి సీటు పక్క కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, లోతు చూపించే స్క్రీన్ మీదే కళ్ళు పెట్టింది. తొంభై అడుగులు. నూట పది. ఎనభై ఐదు.

ముందు తెల్లటి గోడలా మళ్ళీ మంచు కనిపించింది. పవన్ తగ్గిస్తాడనుకుంది. తగ్గించలేదు. గోడలోకి దూరిపోయారు. ఒక్కసారిగా ఏమీ కనపడలేదు. స్క్రీన్ మీద నలభై. ఇరవై రెండు.

"పవన్, ఆపు!" అని అరిచింది. ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

తొమ్మిది.

చప్పుడు చెవులకంటే ముందు పళ్ళకి తగిలింది. బోటు గాల్లోకి లేచి, వంకరగా పడి, గిర్రున తిరిగింది. పవన్ స్టీరింగ్‌కి గుద్దుకుని ఆమె ఒళ్ళోకి వచ్చి పడ్డాడు. అతని జాకెట్‌కీ ఇంజను స్విచ్‌కీ కట్టి ఉన్న తాడు ఊడి, దాంతోబాటే ఇంజను ఆగిపోయింది. ఆ తర్వాతి నిశ్శబ్దం చప్పుడుకంటే ఎక్కువ భయపెట్టింది.

"ఊపిరి... ఆడట్లేదక్కా," అన్నాడు పవన్. అతని కుడి భుజం కిందికి జారి ఉంది.

ఆమె బూట్లలోకి చల్లగా నీళ్ళొచ్చాయి. వెనకెక్కడో నీళ్ళు తోడే పంపు దానంతటదే మొదలైంది. వెనక మూత ఎత్తి చూసింది. పంపు తోడుతున్నదానికంటే వస్తున్నది ఎక్కువ. ఫోమ్ ఉంది, బోటు అడుగుకి పోదు. కానీ సగం మునిగి తేలుతుంది, వాళ్ళు నీళ్ళలో ఉంటారు. మార్చి నీళ్ళు. కాసేపటికే చేతులు పట్టు వదిలేస్తాయని ఆమెకి తెలుసు. పైగా పవన్ ఈదలేడు. ఆమె మాత్రం ఎంత ఈదగలదు? కాళ్ళు నేలకి తగిలేంత లోతులోనే కదా నేర్చుకుంది.

911కి ఫోన్ చేసింది. తామున్న చోటు చెప్పే అంకెల్ని స్క్రీన్ మీంచి తప్పు లేకుండా చదివింది. బ్లడ్ బ్యాంక్‌లో సంచుల నంబర్లు ఇలాగే రెండేసి సార్లు చదువుతుంది.

స్టార్ట్ చేస్తే ఇంజను కీచుమని ఆగిపోయింది. బోటు ముక్కు దగ్గర బ్యాటరీతో నడిచే చిన్న మోటారు ఉంటుంది, చేపలు పట్టేటప్పుడు మెల్లగా కదలడానికి. మూడేళ్ళు వెనక నిలబడి దాన్ని చూడటమే తప్ప ఎప్పుడూ ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ ముందుకెళ్ళి నీళ్ళలోకి దించింది. పెడల్ నొక్కింది. బోటు మనిషి నడకంత వేగంతో కదిలింది. మ్యాప్‌లో ఒడ్డు మూడువందల గజాలు. కళ్ళకి మాత్రం మంచు తప్ప ఏమీ లేదు.

"అక్కా, నీళ్ళు నా సీటు దాకా వచ్చినయ్."

"ఒడ్డుకి వచ్చేస్తున్నాం పవన్. మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి. మీ అమ్మగారి పేరేంటి?"

అతను చెప్పాడు. ఊరు చెప్పాడు, చెల్లెలి పెళ్ళి గురించి చెప్పాడు. మధ్యమధ్య మూలిగాడు. ఆమెకి ఒక్క మాటా బుర్రకెక్కలేదు. బోటు వెనక్కి వంగిపోతోంది, మోటారు పైకి తేలి గాలిలో తిరుగుతోంది. బరువు ముందుకి పడాలని బోర్లా పడుకుని చేత్తో పెడల్ నొక్కింది. అలా ఎంతసేపు పోయారో తెలియదు. మంచులోంచి ముందు ఎర్రమట్టి, తర్వాత పైన్ చెట్ల మొదళ్ళు కనిపించాయి. బోటు మట్టిలోకి గుచ్చుకుంది. దిగి, తాడు చెట్టుకి కట్టి, అక్కడే కూలబడి వాంతి చేసుకుంది.

రెస్క్యూ వాళ్ళొచ్చి పవన్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడు పక్కటెముకలు, ఒక జబ్బ ఎముక విరిగాయి. బోటు అడుగున, రాయి తగిలిన చోట, మూరెడు చీలిక.

ఆ తర్వాత రెండు వారాలు షవర్ కింద నిలబడితే ఊపిరాడేది కాదామెకి. ల్యాబ్‌లో ట్రే కింద పడితే గోడకి అతుక్కుపోయేది. ఇక చేపలు పట్టడం మానేస్తుందని క్లబ్‌లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఏప్రిల్‌లో చక్రపాణిగారు ఫోన్ చేశారు. "బోటు ఇంకెవరో అడుగుతున్నారమ్మా. నీకొద్దంటే ఇచ్చేస్తాను." వద్దని స్వయంగా చెప్పి వద్దామని వెళ్ళింది. ఆయన అప్పటికే బోటు నీళ్ళలో దించి ఉంచారు.

గాలి ఉన్న మధ్యాహ్నం. పవన్ చెప్పింది నిజమే. ప్రతి అలకీ రేకు దబ్‌దబ్‌మని మోగింది. మోగినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన బోటు ఆపి సొట్టలు చూపించారు.

"ఇది రాయి. ఇది మొద్దు. ఇది నేనే ర్యాంప్‌కి గుద్దాను. సొట్ట పడింది, చిల్లు పడలేదు. అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోకు. పెద్ద అల వస్తే ముక్కు దించి నీళ్ళు తాగేస్తుంది. ఒకసారి నా మోకాళ్ళ దాకా వచ్చాయి."

"మరి ఫైబర్‌దే కొంటే నయమంటారా డాక్టర్ గారూ?"

"అలల్లో నయమే. కానీ అరవైలో రాయిని కొడితే అదీ ఇదీ ఒకటేనమ్మా. నువ్వు ఎంత వేగంగా పోదామనుకుంటున్నావో ముందు తేల్చుకో. బోటు సంగతి తర్వాత."

ఆమె స్టీరింగ్ తీసుకుంది. పది మైళ్ళు, పదిహేను, ఇరవై ఐదు. ముప్పై దగ్గర అరచేతులు తడిసిపోయాయి. అక్కడే ఆపేసింది. ముప్పై దాటి ఎప్పటికీ పోనని ఆమెకి అర్థమైంది. దాటని మనిషికి రెండువందల యాభై హార్స్‌పవర్ ఎందుకు? పైగా ఆమె వెతికేవి ఒడ్డు పక్క రాళ్ళ మధ్య నిలిచే చేపలు. రేకు బోటే ఇంటికొచ్చింది.

మే నెల టోర్నమెంట్‌లో మొదటిసారి ముందు నిలబడింది. వెనక నళిని, స్కూల్ టీచర్. అందరూ దూరపు నీళ్ళకి దూసుకుపోయారు. కృష్ణవేణి రెండు మైళ్ళ అవతలి పాయలోకి నెమ్మదిగా వెళ్ళి, మధ్యాహ్నానికి నాలుగు మంచి చేపలు పట్టింది. బహుమతి వచ్చేంత బరువున్నాయి.

రెండు దాటాక గాలి లేచింది. పాయ మూతి దాటగానే అల ముక్కు మీంచి దూకి ఇద్దర్నీ తడిపేసింది. రెండోది బోటు లోపలే పడింది. మూడు గంటలకల్లా ర్యాంప్‌కి చేరకపోతే చేపలు లెక్కలోకి రావు. ఇంకా ఇరవై ఐదు నిమిషాలున్నాయి.

"వెళ్ళిపోదాం వేణీ, ఎంత దూరమని?" అంది నళిని. పెదాలు తెల్లబడ్డాయి.

కృష్ణవేణి బోటుని గట్టు చాటుకి తిప్పింది. లంగరు వేసి, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. మూడయింది. మూడున్నరయింది. బోటు తొట్టిలో ప్రాణాలతో ఉన్న చేపల్ని ఒక్కొక్కటే నీళ్ళలోకి వదిలేసింది. నాలుగు దాటాక గాలి తగ్గితే బయల్దేరారు.

ర్యాంప్ దగ్గర బోట్లన్నీ ఎప్పుడో వచ్చేశాయి. మూర్తి ఒక్కడే నీటి అంచున నిలబడి ఉన్నాడు. అతను ర్యాంప్ దగ్గరికి రావడం అదే మొదటిసారి. బోటు దగ్గరికి రాగానే బూట్లతోనే నీళ్ళలోకి దిగి తాడు పట్టుకున్నాడు.

"ఫోన్ ఎత్తవేం?"

"తడిసి చచ్చిపోయిందండీ."

బోటు ట్రైలర్ మీదికి ఎక్కించాక మూర్తి అడిగాడు.

"వచ్చే నెల ఎక్కడ?"

"హార్ట్‌వెల్ లేక్."

"దీనికంటే పెద్దదా?"

"పెద్దదే."

మూర్తి తడిసిన బూట్లతో అక్కడే సిమెంటు మీద కూర్చుండిపోయాడు. ఆమె కూడా పక్కన కూర్చుంది.