మడ అడవి రేవులో పిలుపు

మా బాపుకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది కూడా ఎక్కువ రోజులు ఉండదని సిద్దిపేట దవాఖానలో చెప్పిన రోజు ఆయన అడిగింది ఒక్కటే: సముద్రం చూడాలని. ఒకప్పుడు చేర్యాల వైపు సగం రోజు నడిచినా మా పొలాలు అయిపోయేవి కావు. ఇప్పుడు రెండు గదుల కిరాయి ఇల్లు. అయినా అడిగింది సముద్రమే కదా అనుకున్నాను.

కాకినాడ దగ్గర మడ అడవుల్లోంచి పడవ సముద్రం దాకా వెళ్తుందని నా కూతురు ఫోన్లో చూసి చెప్పింది. శనివారం కారు మాట్లాడుకుని నలుగురం బయలుదేరాం. రాత్రి లాడ్జిలో ఉండి, బాపు స్నానం, పూజ అయ్యి రేవు చేరేసరికి ఆదివారం మధ్యాహ్నం దాటింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లికి వెళ్లినా, ఇంటివాళ్లు దగ్గరికొచ్చి పిలిచేదాకా భోజనాల బంతిలోకి లేవం. బాపు బెంచీ మీద, కర్రపై చేతులు పెట్టి నిటారుగా కూర్చున్నారు. పక్కన నేనూ అలాగే.

పడవతను అందరినీ కలిపి కేకేశాడు. "ఎక్కండి బాబూ, ఎక్కండి! ఆటు మొదలైతే కాలవలో నీళ్లుండవు. ఇదే ఆఖరిది!"

జనం ఎగబడ్డారు. కూతురు నా చెయ్యి లాగింది. "నాయినా, అందరు ఎక్కుతున్రు."

"గిది పిలుసుడా?" అన్నారు బాపు. "బస్టాండుల అరిసినట్టు."

"మామయ్యా, మనం ఎవలమో పడవాయినకు ఏం ఎరుక?" అంది నా భార్య. తర్వాత నావైపు తిరిగింది. "మీకు గూడ బొట్టు పెట్టి పిలువాల్నా?"

చెయ్యి పట్టి లేపితే బాపు లేచేవారేమో. నేను లేపలేదు. దగ్గరికొచ్చి పిలుస్తాడనే అనుకున్నాను.

పడవ వెళ్లిపోయింది. కొంతసేపటికి మడ చెట్ల వేళ్ల మధ్య నీళ్లు లాగేసి బురద తేలింది. అందులో పీతలు పాకాయి. బాపు అటే చూస్తూ కూర్చున్నారు.

టికెట్లిచ్చే మనిషి గది మూసి పోతూ మమ్మల్ని చూసి ఆగాడు. చేతులు జోడించాడు. "అయ్యో, పెద్దాయనా, మీరు ఎక్కలేదా? రేపు పొద్దున్న రండి. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను."

"పిలిచిండు, సూసినవా?" అన్నారు బాపు, లేస్తూ.

సోమవారం నాకు పని, ఆ సాయంత్రమే తిరుగుదారి పట్టాం. దారిలో కాకినాడ బీచి దగ్గర ఆగుదామంటే, "జాతరల నిలబడి సూసుడు నాకొద్దు" అన్నారు. నేనూ కారు ఆపించలేదు.

చలికాలం పోయేలోపు రెండో కన్నూ పోయింది. ఎవరైనా పలకరించడానికి వస్తే బాపు చెబుతారు: "సముద్రం కాడికి పోయినం. మర్యాదగ పిలిచిన్రు."

సముద్రం ఎట్లుండెనని వాళ్లు అడుగుతారు. ఆయన ముఖం నావైపు తిప్పుతారు. నేను చాయ్ తేవడానికి లేస్తాను.