ఐసు పెట్టినవాళ్లందరూ శవాలు కారు

హిందీ సీమలో, కిరండూల్ రైలు లైను మీద బతికిన మా రైల్వే కుటుంబాలకు ఐసు అంటే ఒకటే అర్థం. ఇక్కడ ఎవరైనా పోతే, విజయనగరం వైపు నుంచి బంధువులు రైలెక్కి వచ్చేసరికి మర్నాడవుతుంది. అంతదాకా శవాన్ని ఐసు దిమ్మల మీద ఉంచుతారు. మా నాన్నను నేనూ అలాగే ఉంచాను. ఆ అలవాటే ఈ మధ్య మా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది.

వాడు సంతలో చింతపండు బేరమాడుతూ కూలిపోయాడు. గుండె ఆగింది. అక్కడే ఉన్న ఒక కాంపౌండరు ఛాతీ నొక్కి నొక్కి దాన్ని మళ్లీ కొట్టుకునేలా చేశాడు గాని, మనిషికి తెలివి రాలేదు. గీదం మీదుగా జగదల్‌పూర్‌లో ఒక ఆసుపత్రికి చేర్చాం. డాక్టరు మావైపు చూడకుండానే "ఠండా రఖ్‌నా హై" అని వెళ్లిపోయాడు. చల్లగా ఎందుకుంచాలో చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

మర్నాడు పొద్దున వాడి భార్య, మా మరదలు, లోపలికెళ్లి చూసింది. నోట్లో ఊపిరి మిషను గొట్టం, మెడ దగ్గర, చంకల్లో ఐసు సంచులు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. బయటికొచ్చి గోడకు ఆనుకుంది. మా కాలనీ నుంచి పరామర్శకొచ్చిన రిటైర్డు గార్డు అప్పటికే తీర్పు సిద్ధం చేసుకున్నాడు.

"ఇంకేటుందమ్మా! ఐసెట్టీసినారంటే అయిపోయినట్టే. ఆ గాలి మిషను ఆడతంది గాని మడిసి నేడు. సంతకమెట్టీ, ఇంటికి పట్టుకెల్లిపోదాం. ఊరికి ఫోను కొట్టీసినాను, అందరూ రైలెక్కుతన్నారు."

ముప్పై ఏళ్లు జెండా ఊపినవాడు కదా, ఏ ప్రాణం ఎప్పుడు బయల్దేరాలో తనకే తెలుసనుకున్నాడు. తక్కినవాళ్లు తలలూపారు. వాళ్లకు ఊపడం తప్ప ఏమొచ్చు? సొంత పూచీ మీద తీసుకుపోతామనే కాగితం కూడా అడగ్గానే తెచ్చిచ్చారు. ఆ ఆసుపత్రిలో ఒక్క ఆ పనే చురుగ్గా జరిగింది.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. కానీ అర్థం కానిది అడగడానికి సిగ్గుపడను. మలయాళీ నర్సును పట్టుకుని హిందీలో అడిగాను. రెండు నిమిషాల్లో తేల్చి చెప్పింది. గుండె ఆగినంతసేపు మెదడుకు నెత్తురు అందలేదట. ఒళ్లు చల్లబరిస్తే మెదడుకు పని తగ్గి, మరింత చెడకుండా ఉండవచ్చట. వణుకు రాకుండా మందిచ్చారట. ఒక రోజు అలా ఉంచి మెల్లగా వెచ్చబెడతారట. లేస్తాడో లేదో ఆ తర్వాతే తెలుస్తుందట.

అదే మరదలికి చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "బావగారూ, మావగారికీ మీరు ఐసెట్టినారు గదా. ఆయన లెగిసినారా?" అంది.

"మా నాన్న గుండె కొట్టుకోలేదమ్మా. నువ్వెళ్లి వీడి గుండె మీద చెయ్యేసి చూడు."

నర్సు అనుమతిచ్చింది. మరదలు చాలాసేపటికి బయటికొచ్చి, కాగితం మడిచి గార్డు చేతిలో పెట్టింది. "కొట్టుకుంతంది. నాను సంతకమెట్టను."

"రేపు శవాన్ని ఇక్కణ్ణుంచే మొయ్యాల," అన్నాడు గార్డు.

"అయితే నానే మోసుకుంతాను. నువ్వు రాకు బాబూ."

మర్నాడు ఊరివాళ్లు కొత్త బట్ట, బంతిపూలు పట్టుకుని దిగారు. లోపల తమ్ముణ్ణి వెచ్చబెడుతున్నారు. మూడో రోజు కళ్లు తెరిచాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. తిన్నాడో లేదో మరిచిపోయి అడుగుతుంటాడు. గార్డు మాత్రం వారం వారం వచ్చి ఎదురుగా కూర్చుంటాడు, పరీక్ష పెట్టడానికి.

"నానెవుల్నిరా? సెప్పుకో సూద్దాం."

మొన్న తమ్ముడు పలకలేదు. గార్డు నావైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు. మరదలు టీ గ్లాసు అతని ముందు పెట్టింది.

"గుర్తట్టినాడు బాబూ. అందుకే మాటాడ్డం నేదు."

గార్డు టీ సగంలో వదిలి లేచాడు. తమ్ముడు నిజంగా గుర్తుపట్టాడో లేదో మరదల్ని నేను అడగలేదు.