రేకుల మీద ఆరబెట్టిన నూట ఇరవై కొసలు

2003 మే 14, బుధవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఆటోనగర్‌లోని మా షెడ్డులో కరెంటు పోయింది. అప్పటికి నూట ఇరవై కేబుల్ కొసలకు రెసిన్ ఎక్కించి ఉన్నాము.

మా పని చిన్నది. ఫోను మాటలను వెలుగుగా మోసే వెంట్రుకంత గాజుపోగును సన్నని పింగాణీ గొట్టంలో దూర్చి, నీళ్ళంత తేటగా ఉండే రెసిన్ జిగురుతో అతికించి, కరెంటు పొయ్యిలో నూరు డిగ్రీల వద్ద అరగంట ఉంచి, గట్టిపడ్డాక కొసను అద్దంలా సానపట్టాలి. హైదరాబాదు కంపెనీ ఒకటి నమూనాకు ఈ నూట ఇరవై అడిగింది. నెగ్గితే ఏడాది పొడవునా పని ఉంటుంది. లేకుంటే షెడ్డు మూయవలసిందే. పార్సెల్ మర్నాడు ఉదయం బస్సులో వెళ్ళాలి.

సాయంత్రం దాకా కరెంటు రాదన్నారు. అంతదాకా ఆగితే సానపట్టడానికి వేళ చాలదు. కప్పు రేకుల మీద థర్మామీటరు అరవై రెండు చూపింది. వేడి సగానికి పైనే ఉంది గనుక గంట చాలునని లెక్కకట్టి, జాగ్రత్త కొద్దీ నాలుగు గంటలు ఆరబెట్టమన్నాను.

మా నలుగురు ఆడ పనివాళ్ళలో పెద్దావిడది బందరు వైపు చేపలు ఎండబెట్టి అమ్మే కుటుంబం. "పైన ఎండితే లోపల ఎండినట్టు కాదండీ. మావాళ్ళు వేలితో నొక్కి చూడందే బస్తాకెత్తరు," అంది.

"ఇది చేప కాదమ్మా. నా దగ్గర లెక్క ఉంది."

"ఆ లెక్క పొయ్యికి కదండీ, ఎండకా?"

మిగతా ముగ్గురూ కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "వడియాలు పెట్టిన చేతులేగా, ఎక్కండి పైకి!" అన్నాను.

నాలుగు గంటల తర్వాత దించి, చేత్తోనే సానపట్టాము. మైక్రోస్కోపులో ఒక్క గీత కనబడలేదు. ఆరున్నరకు కరెంటు వచ్చింది. "ఒక్కసారి పొయ్యిలో పెడదామా అండీ?" అని ఆవిడ అడిగింది. అక్కర్లేదన్నాను. మర్నాడు ఉదయం పార్సెల్‌ను బస్సెక్కించాను.

మే 26న జవాబు వచ్చింది. కంపెనీవాళ్ళు వేడిచేసి చల్లార్చి పరీక్షించగా, పూర్తిగా గట్టిపడని లోపలి రెసిన్ మెత్తబడి పోగులు గొట్టాల్లోకి వెనక్కి జారాయట. నిలిచినవి ముప్పై ఒకటి. రెండో నమూనా అడగలేదు.

ఉత్తరం చదివి వినిపించాను. "ముందే చెప్పాను కదండీ," అని ఆవిడ అనలేదు. "అయితే రేపట్నుంచి రావద్దాండీ?" అని మాత్రం అడిగింది. నేను ఉత్తరం మడిచాను. చేతులు కడుక్కుని, నలుగురూ కలిసే వెళ్ళారు.

పోయినవి: కొసలు ఎనభై తొమ్మిది, ఏడాది పని, నలుగురి ఉపాధి, జూన్ నెలాఖరుకు షెడ్డు. మిగిలినవి: కొసలు ముప్పై ఒకటి, పొయ్యి ఒకటి, మైక్రోస్కోపు ఒకటి.