ఓబులేసన్న ఫోన్ చేసి చెప్పిన మాట

"లేదు సార్" అన్నాను ఒకప్పుడు. అంతే. ఏళ్లు గడిచినా ఆ మాట గొంతు దిగలేదు. అన్నం కలుపుకుంటున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, మంచి పుస్తకంలో పేజీ తిప్పబోతున్నప్పుడు వచ్చి అడ్డం పడుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు కనుకే మీకు చెబుతున్నాను.

నేను చిన్నప్పటినుంచీ మాట తక్కువ మనిషిని. మనుషులతో అనాల్సినవి డైరీలో రాసుకునేదాన్ని. చదువు కాగానే అనంతపురంలో ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది. ఎవరితోనూ మాట్లాడే పని లేదని సంతోషపడ్డాను. కంపెనీ మనుషులు మోటారుసైకిళ్ల మీద ఊరూరూ తిరిగి దుకాణాలకు విత్తనం చేర్చేవాళ్లు. ఓ రోజు మా సార్ బెంగళూరు వెళ్లి, మెయిల్ వచ్చే ఫోన్లు చూసొచ్చారు. తిరిగేవాళ్లందరికీ అవి కావాలన్నారు. ఏది మంచిదో నన్నే చూడమన్నారు.

మచ్చుకు రెండు రకాలు తెప్పించారు. ఒకటి మామూలు ఫోనే, లావు మీటలు, మెయిల్ నాలుగు ముక్కలు కనపడితే గొప్ప. రెండోది వెడల్పు అద్దం, దాని కింద గింజల్లాంటి చిన్న చిన్న మీటలు. పొడుగాటి ఉత్తరం కూడా హాయిగా చదువుకోవచ్చు. నేను చదువుకునే మనిషిని. రెండోదే బాగుందని రాసిచ్చాను. ఎండలో, దుమ్ములో, ఒక కాలు నేలకానించి బండి మీదే కూర్చుని చూసుకునేవాళ్లకు అది ఎలా ఉంటుంది? వాళ్లలో ఒక్కరి చేతికైనా ఇచ్చి నొక్కి చూడమనలేదు. అడగాలంటే మాట్లాడాలి కదా.

తాళం పెట్టిందీ నేనే. ఫోన్ ఎక్కడైనా పోతే మా ధరలు వేరే కంపెనీకి తెలియకూడదని, రహస్య సంఖ్య పదిసార్లు తప్పు నొక్కితే లోపలున్నదంతా చెరిగిపోయేలా చేశాను. ఆ తర్వాత దానికి మెయిళ్లు రావు. మళ్లీ బతికించాలంటే బెంగళూరులోని సర్వీసువాళ్లకు ఫోన్ చేసి, ఇంగ్లీషులో సంగతి చెప్పి, కొత్త సంఖ్య తీసుకోవాలి. బెంగళూరుకు ఆ ఫోన్ చేయాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. చెప్పాల్సిన వాక్యం ముందే కాగితం మీద రాసుకున్నా నోరు తడబడేది. అటువైపు అమ్మాయి మళ్లీ చెప్పమని "పార్డన్" అంటే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి.

మా మనుషులు దానికి పలక అని పేరు పెట్టారు. "పదితూర్లు తప్పు చేస్తే పెండ్లామన్నా ఊరుకుంటాది గానీ ఈ పలక ఊరుకోదంటప్పా" అని నవ్వుకునేవాళ్లు. వాళ్లందరిలో పెద్దవాడు ఓబులేసన్న. తాడిపత్రి, యాడికి మండలాల్లో ఊళ్లన్నీ ఆయనే తిరిగేవాడు. ఏ రైతు ఏ చేలో ఏం వేశాడో, ఏ ఏడు ఏ కార్తెలో విత్తనానికి పదునైందో నోటిమీద చెప్పేవాడు. చీటీ రాసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నెలల కిందట నేను మాటవరసకు అన్నది కూడా గుర్తుపెట్టుకుని అడిగేవాడు. "పాపా, మీయమ్మకు మోకాలినొప్పి తగ్గిందా?" అని.

ఆ మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. యాడికి బస్టాండులో రూపాయి బిళ్ల వేసి మాట్లాడే డబ్బా నుంచి ఆయన.

"పాపా, నీ పలక తుడుచుకొని కూసునింది. జోబులో యాడ నొక్కుకుందో ఏమో, ఒగ అచ్చరం గూడా లేదు. ముట్టుకోవాలంటే బయమైతాంది. ఆపేసి సంచిలో ఏసినా."

"ఆఫీసుకు తెస్తారా అన్నా?"

"యాడ తెచ్చేది? ఆకాశమంతా వాన మోడం కమ్ముకొనుండాది. ఈ పొద్దో రేపో పదునైతాది. రైతులు నన్ను కదలనిస్తారా?"

"సరే అన్నా. రేపటికి వచ్చేలా చేస్తాను."

ఫోన్ పెట్టేశాను. బెంగళూరుకు చేయాలి. కాగితం తీసి వాక్యం రాసుకున్నాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. రేపు పొద్దున చేద్దాంలే అనుకుని, సొరుగులోని నవల తీశాను. ఆ నవల చాలా బాగుంది. ఇది కూడా చెప్పాలి మీకు.

రాత్రి వాన పడింది. మా సీమలో పదును అతిథి లాంటిది. ఉన్న రెండు మూడు రోజుల్లోనే విత్తనం భూమిలో పడాలి, లేకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తెల్లవారి ఆఫీసుకు వెళ్లగానే సార్ ఒక మెయిల్ పంపమన్నారు. కొత్తగా వచ్చిన పొద్దుతిరుగుడు విత్తనంలో మొలక చాలా తక్కువని పరీక్షలో తేలింది, ఆ సంచులు ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వొద్దు అని. అందరికీ ఒకేసారి పంపాను. ఓబులేసన్న పేరూ అందులో ఉంది. ఆయన పలక ఖాళీ అని ఆ క్షణంలో నాకు తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి చూసుకున్నా తేల్చుకోలేకపోయాను. గుర్తొచ్చి ఫోన్ చేసేసరికి పొద్దు వాలింది. ఆయన ఫోన్ ఆపేసి ఉంది. సంచిలో వేశానని చెప్పాడు కదా. అక్కడి దుకాణాలకు ఫోన్ చేయగలిగేదాన్ని. సార్‌కు చెప్పగలిగేదాన్ని. బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాను.

మిగతా ఊళ్లలో సంచులు ఆగిపోయాయి. ఆయన ఊళ్లలో ఆ విత్తనం భూమిలో పడింది. సాలుకు ఒక మొక్క, అర మొక్క. తిరిగి విత్తుదామంటే పదును ఆరిపోయింది. ఆ ఏడు మళ్లీ అదనులో చినుకు లేదు.

సార్ ఆయన్ను పిలిపించారు. నన్నూ రమ్మన్నారు.

"ఏమప్పా ఓబులేసూ, అందరికీ పోయిన మెయిల్ నీకొక్కనికే పోకుండ పోయిందా?"

"రాలేదు సార్. పలక తుడుచుకొని పోయింటే ఎట్లొస్తాది? ముందుదినమే పాపకు ఫోన్ చేసి చెప్పినా గదా."

సార్ నావైపు తిరిగారు. "ఏమ్మా, చెప్పినాడా?"

"లేదు సార్."

ఓబులేసన్న కోపంగా చూసి ఉంటే బాగుండేది. అరిచి ఉంటే ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు, అంతే. "చెప్పలేదామ్మా? బస్టాండులో... డబ్బా ఫోన్లో..." అని ఆగాడు. నేను బల్ల మీద గీతలు చూస్తున్నాను. ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, మాతో కాదు, తనతోనే అన్నట్టు అన్నాడు.

"చెప్పినట్టే ఉండాదే. చెప్పల్ల, చెప్పల్ల అనుకొని ఆ వాన మోడం యావలో మర్సిపోతినేమో. ఆ పాప ఎందుకు అబద్దమాడుతాది?"

ఆయన ఉద్యోగం పోయింది. ఆయన మాట మీద విత్తనం తీసుకున్న ఊళ్లలో ఆయనకు ముఖం లేకుండా పోయింది. ఆ రోజు డైరీలో ఏం రాశానో తెలుసా? మబ్బులు విడిపోయి ఆకాశం ఎంత నీలంగా ఉందో రాశాను. నాకు నేను రాసుకునే చోట కూడా నిజం రాయలేదు.

ఎందుకు అబద్ధమాడాను? ఉద్యోగం పోతుందని కాదు. సార్ మహా అయితే కసిరేవారు. ఒక ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడలేక ఇదంతా చేశానని నలుగురికీ తెలుస్తుందని. ఇంతే. ఇంత చిన్నది.

పోయినేడు రాప్తాడులో రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడి ఉంటే, టీ బంకు దగ్గర ఆయన గొంతు వినపడింది.

"నీకు టీ దుడ్లు ఇచ్చినానాప్పా?"

"ఇచ్చినావు లేన్నా. ఇది మూడోతూరి అడగడం" అని బంకతను నవ్వాడు.

"ఏమో నాయనా. నన్ను నేను నమ్మేది ఇడిసిపెట్టి శానా దినాలాయ."

నన్ను చూశాడు. వెంటనే గుర్తుపట్టాడు. "పాపా, బాగుండావా? మీయమ్మ మోకాలు ఎట్లుండాది?" నేను తలూపాను. "ఆ పొద్దు నీకొక మాట చెప్పింటే ఎంత బాగుండు. మర్సిపోతి. ఎందర్ని ముంచితినో" అన్నాడు. నా నోట్లో మాట ఉంది. నాలుక చివరే ఉంది. బస్సొచ్చింది. ఎక్కేశాను.

ఆయన పని నేను పోగొట్టానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అంతకంటే పెద్దది తీసుకున్నానని ఆ రోజు తెలిసింది. అది తిరిగి ఇచ్చే దారి ఒక్కటే, ఆయన ఎదుట నిలబడి చెప్పడం. చెబుతానా? నన్ను నేను ఎరుగుదును. మీకు మాటివ్వను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఒక్కసారి నా చేత్తో నిజం రాయాలని మాత్రం ఉంది. ఓబులేసన్న చెప్పాడు. యాడికి బస్టాండు నుంచి, మబ్బు కమ్ముకొస్తుండగా, ఫోన్ చేసి చెప్పాడు. నేను విన్నాను. సరే అన్నాను. ఆయన ఏదీ మర్చిపోలేదు.